పన్నెండో తలుపు

"కూతురింటి ముద్ద నా గొంతు దిగదు. ఇంకోసారి తినమన్నావంటే ఈ పూటే సంచీ సర్దుకుంటాను."

సూరాయమ్మ మాటలివి. అనగనగా అని మనం ఇంకా అననేలేదు, ఏలేరు కాలవ పక్కన ఆ ఊళ్ళో అప్పటికే గొడవ మొదలైపోయింది అమ్మలూ. ఆవిడ కంచం తోసేసి గోడవైపు తిరిగి కూర్చుంది. కూతురు వరహాలు అన్నం వడ్డించే హస్తం పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

దుప్పటి లాక్కో. కాళ్ళు బయట పెట్టకు. ఈ కథ అయ్యేదాకా కాళ్ళు లోపలే ఉండాలి.

ఆ సూరాయమ్మకి వరహాలు ఒక్కతే కూతురు. ఆవిడ ఇల్లు పక్క ఊళ్ళో ఉండేది. మట్టి గోడలు, తాటాకు కప్పు. ముసురు పట్టి మూడు రోజులు వదలకుండా వాన పడితే గోడలు కరిగి కప్పు కిందికొచ్చేసింది. అప్పుడు ఎక్కడికి పోవాలో తెలీక ఒక సంచీ, ఒక బొగ్గుల కుంపటి పట్టుకుని కూతురింటికి వచ్చింది.

వచ్చింది కానీ తినదే. ఆడపిల్లనిచ్చిన ఇంట్లో తల్లి చెయ్యి కడగకూడదని ఆవిడకి వాళ్ళమ్మ చెప్పిందట. వాళ్ళమ్మకి వాళ్ళమ్మ చెప్పిందట. మొదటి రోజు సంచీలో తెచ్చుకున్న అటుకులు నానేసుకుని తింది. రెండో రోజు రెండు అరటిపళ్ళు తింది. మూడో రోజు మంచినీళ్ళు తాగి పడుకుంది.

అల్లుడు గోవిందు మంచోడు. బస్టాండు దగ్గర సైకిళ్ళు బాగుచేస్తాడు. ఆయన మూడు రోజులూ చూశాడు, నాలుగో రోజు పొద్దున్నే అత్తగారికి ఒక మాట చెప్పాడు. పెరట్లో ఖాళీ ఉంది, అక్కడ ఒక పోర్షన్ వేద్దామన్నాడు. గది, వంటిల్లు, నీళ్ళగది. మీ గుమ్మం మీది, మీ పొయ్యి మీది, మీ బియ్యం మీవి, మీరు మా ఇంట్లో ఉన్నట్టు కాదు, పక్కింట్లో ఉన్నట్టు అన్నాడు.

వరహాలుకి ఒళ్ళు మండింది. పది అడుగుల అవతల వండుకుంటే పరువు నిలబడుతుందా అని అడిగింది. నిలబడుతుంది అంది సూరాయమ్మ. గుమ్మం వేరైతే ఇల్లు వేరే అంది.

ఆ తర్వాత దొరబాబు మేస్త్రి వచ్చాడు. పునాది తీశాడు, గోడలు లేపాడు, పైన రేకులేశాడు. సూరాయమ్మ రోజూ పీట వేసుకుని కూర్చుని ఇటుక ఇటుకా చూసుకుంది. మనవరాలు బుల్లి ఆవిడ ఒళ్ళో కూర్చుని చూసింది. బుల్లికి ఐదేళ్ళు, అచ్చం నీ అంతే.

అంతా అయ్యాక దొరబాబు తలుపులు లెక్కపెట్టాడు. ఇల్లు కట్టినవాళ్ళు అక్కడ తలుపులు లెక్కపెడతారు అమ్మలూ. ఎప్పుడూ సరిగ్గా జతలు జతలుగా రావాలి. ఒంటి తలుపు మిగిలిందంటే ఆ ఇంట్లో ఒక మనిషి తగ్గిపోతారని వాళ్ళ భయం.

పెద్దింట్లో ఎనిమిది. పోర్షన్‌లో మూడు. మొత్తం పదకొండు.

దొరబాబు మళ్ళీ లెక్కపెట్టాడు. మళ్ళీ పదకొండే. అప్పుడు అందరూ ఒక్కసారి బుల్లి వైపు చూసి, చూడనట్టు తల తిప్పుకున్నారు.

నీళ్ళగదికి తలుపు తీసేసి గోనెపట్టా కట్టుకుందాం అన్నాడు గోవిందు. అల్లుడింట్లో గోనెపట్టా చాటున స్నానం చేసే రాత నాకు పట్టలేదు అంది సూరాయమ్మ. పోనీ ఇంకో తలుపు పెడదామంటే ఎక్కడ పెడతారు? గదికి మూడు వైపులా తలుపులున్నాయి. నాలుగో వైపు వట్టి గోడ. ఆ గోడకీ పక్కింటోళ్ళ గోడకీ మధ్య జానెడు సందు. పిల్లి దూరితే తోక బయట ఉంటుంది, అంత సందు.

అప్పుడు దొరబాబే ఉపాయం చెప్పాడు. పాత ఇళ్ళు పడగొట్టిన కలప అమ్మే అడితి ఒకటుంది, అక్కడ ఒక పాత తలుపు దొరుకుతుంది, దాన్ని ఆ వట్టి గోడకి ఆనించి బిగిస్తానన్నాడు. వెనకాల ఇటుకలే ఉంటాయి. తీసేది లేదు, వేసేది లేదు. లెక్కకి మాత్రం పన్నెండు.

తలుపు వచ్చింది. పొట్టి తలుపు, నల్లగా ఉంది. గడప మధ్యలో అరిగిపోయి గుంట పడి ఉంది. ఎంతమంది తొక్కితే కర్ర అలా అరుగుతుందో చూడు. ఇవతలి వైపు ఇనప గడియ.

దొరబాబు దాన్ని బిగించి, వెళ్ళేముందు ఒక మాట చెప్పాడు. అమ్మా, ఇది వట్టి బొమ్మ తలుపు, దీనికి గుమ్మం నిలబెట్టే తంతు ఏమీ చెయ్యకండి అన్నాడు. దాన్ని అలా వదిలెయ్యండి అన్నాడు.

సూరాయమ్మ తలూపింది. మేస్త్రి అలా వీధి మలుపు తిరిగాడో లేదో, పసుపు గిన్నె తీసింది.

ఏం చేస్తుంది మరి? బోసి గడపని చూస్తూ ఊరుకోవడం ఆవిడ వల్ల కాలేదు. తన ఇంట్లో ఒక గడపకి పసుపుండి ఇంకో గడపకి లేకపోతే ఆవిడకి అన్నం సహించదు. గడప కింద నేల తవ్వి నవధాన్యాలు పోసింది. గడపకి పసుపు రాసింది, బొట్లు పెట్టింది. పైన మావిడాకులు కట్టింది. కొబ్బరికాయ కొట్టి, హారతిచ్చి, "రా తల్లీ" అని దణ్ణం పెట్టుకుంది. లచ్చిందేవిని పిలిచాననుకుంది.

పిలిచింది ఆవిడే. విన్నదెవరో మనకి తెలీదు.

ఆ తర్వాత సూరాయమ్మ వేరు కాపురం మొదలైంది. పొద్దున్నే లేచి కుంపటి వెలిగించుకుని గుప్పెడు బియ్యం వండుకునేది. మధ్యాహ్నం బుల్లి గిన్నెలో పప్పన్నం పట్టుకుని పరిగెత్తుకొచ్చేది. ఆ పిల్ల ఒక చోట కూర్చుని తినేది కాదు, నీలాగే. ఒక ముద్ద తను తిని, ఒక ముద్ద అమ్మమ్మ నోటి ముందు పెట్టేది. నా పొయ్యి మీద నాకుంది తల్లీ, అని సూరాయమ్మ మొహం తిప్పుకునేది. రోజూ అంతే. పిల్ల చెయ్యి అలా గాల్లో కాసేపు ఉండి కిందకి దిగేది.

మొదటి శుక్రవారం వచ్చింది. సూరాయమ్మ నల్ల తలుపు గడప కడిగింది. చెంబుడు నీళ్ళు పోసింది. వెనక గోడ కదా, నీళ్ళు ఇవతలికి రావాలి. రాలేదు. తలుపు కిందనుంచి లోపలికి పోయాయి. ఎక్కడో పల్లంలోకి దిగుతున్నట్టు చాలాసేపు గలగలమన్నాయి. ఇంకో చెంబు పోసింది. అవీ పోయాయి.

ఇటుకల మధ్య బొరియ ఉంటుందిలే అనుకుంది. ఎలకలేమో అనుకుంది. అనుకుని పసుపు రాసి లేచింది.

రెండో శుక్రవారం వచ్చింది. మిట్టమధ్యాహ్నం, బయట ఎండ ఫెళ్ళున కాస్తోంది. సూరాయమ్మ గడపకి బొట్టు పెడుతోంది. అప్పుడు తలుపు అవతల్నుంచి ఎవరో కొట్టారు. ఒకటి. రెండు. మూడు. వేలి కణుపులతో, మెల్లిగా, మర్యాదగా.

ఆవిడ చెయ్యి బొట్టు మీదే ఆగిపోయింది.

ఆ తర్వాత గొంతు వినపడింది. వరహాలు గొంతు. అమ్మా, అన్నం తెచ్చాను, తలుపు తియ్యి అంది. సూరాయమ్మ కిటికీలోంచి పెరట్లోకి చూసింది. వరహాలు అక్కడే తీగ మీద బట్టలారేస్తోంది. నోట్లో క్లిప్పు పెట్టుకుని ఉంది. నోట్లో క్లిప్పు ఉన్న మనిషి ఎలా మాట్లాడుతుంది?

సూరాయమ్మ మోకాళ్ళ మీద వెనక్కి వెనక్కి జరిగింది. ఆ గొంతు ఇంకోసారి పిలిచి ఊరుకుంది. పోయినట్టు కాదు. నిలబడి ఊరుకున్నట్టు.

ఇక్కడ నువ్వడుగుతావు, వరహాలుతో చెప్పచ్చు కదా అని. చెప్పలేదు అమ్మలూ. చెబితే ఏమవుతుంది? గోవిందు వచ్చి ఆ తలుపు పీకేస్తాడు. పీకితే మళ్ళీ పదకొండు. అప్పుడు పోర్షన్‌లో ఏదో ఒక తలుపు ఎత్తెయ్యాలి. ఇదంతా ఎందుకు అత్తయ్యగారూ, లోపలికొచ్చెయ్యండి అంటారు. ఇక కూతురి పొయ్యి, కూతురి కంచం. ఊళ్ళో వాళ్ళు ఏమంటారో ఆవిడ చెవులకి అప్పుడే వినపడింది. తలుపు అవతల గొంతు కంటే ఆ మాటలకే ఆవిడకి ఎక్కువ భయమేసింది.

అందుకని బియ్యం డబ్బా లాక్కొచ్చి తలుపుకి అడ్డం పెట్టింది. గడియకి పసుపుతాడు కట్టింది. బుల్లిని పిలిచి, ఆ తలుపు ముట్టుకోకూడదు, దగ్గరికి కూడా పోకూడదు అని మూడుసార్లు చెప్పింది. బుల్లి మూడుసార్లూ సరే అంది.

ఇంక ఆ గడపకి పసుపు రాయను, పిలుపు ఆపేస్తే రావడమూ ఆగిపోతుంది అనుకుంది సూరాయమ్మ.

మూడో శుక్రవారం వచ్చింది. ఆవిడ లేచి చూసింది. గడపకి పచ్చగా, తడిగా పసుపుంది. ఆవిడ రాయలేదు. వరహాలుని అడిగితే నేను నీ పోర్షన్‌లోకి ఎందుకొస్తానమ్మా, నీది వేరే ఇల్లు కదా అని ఎత్తిపొడిచింది. సూరాయమ్మ వంగి దగ్గరగా చూసింది. అది మనం రాసినట్టు లేదు. తలుపు కిందనుంచి వేళ్ళు ఇవతలికి చాచి రాసినట్టుంది. నాలుగు వేళ్ళ గీతలు. అటునుంచి ఇటు.

అయినా ఎవరికీ చెప్పలేదు. రేపు చెబుదాం అనుకుంది. ఈ ఒక్క పూట వండుకుని తిని, రేపు చెబుదాం అనుకుంది.

మధ్యాహ్నమైంది. సూరాయమ్మ వంటింట్లో గంజి వారుస్తోంది. అప్పుడు ముందుగదిలోంచి ఒక గొంతు వినపడింది.

"బుల్లీ, తలుపు తియ్యవే. అమ్మమ్మని. బయట ఎండ మండిపోతోంది."

అది ఎవరి గొంతో తెలుసా అమ్మలూ? సూరాయమ్మదే. ఆ చివర్లో కొంచెం బొంగురు, మధ్యలో ఆ ఆయాసం, అన్నీ ఆవిడవే. తన గొంతు తనకే గదిలోంచి వినపడుతోంది. ఆ తర్వాత బుల్లి, ఉండు అమ్మమ్మా తీస్తున్నా అంటోంది.

పిల్ల అబద్ధం ఆడలేదు, చెప్పిన మాట దాటలేదు. అమ్మమ్మే ముట్టుకోవద్దంది, అమ్మమ్మే ఇప్పుడు తియ్యమంటోంది. ఇంక ఆ పిల్లేం చేస్తుంది?

సూరాయమ్మ గిన్నె వదిలేసి పరిగెత్తింది. బియ్యం డబ్బా పక్కకి జరిగి ఉంది. ఐదేళ్ళ పిల్ల జరపగలిగే డబ్బా కాదది. పసుపుతాడు కింద పడి ఉంది. గడియ తీసి ఉంది. తలుపు లోపలికి తెరుచుకుని ఉంది, ఇటుకలుండాల్సిన వైపుకి.

ఇటుకలు లేవు. అక్కడొక గది ఉంది.

అచ్చం ఆవిడ గదిలాంటి గది. అదే చాప, అదే కుండ, మూలన అదే కుంపటి. కుంపట్లో మాత్రం నిప్పు లేదు. పచ్చి సున్నం వాసన, చలి. కుంపటి ముందు ఒకావిడ ఇటు వీపు పెట్టి కూర్చుని ఉంది. సూరాయమ్మ కట్టుకున్న ఆకుపచ్చ చీరే కట్టుకుంది. ఆవిడ తిరగలేదు. చెయ్యి మాత్రం వెనక్కి చాచింది. ఆ చెయ్యి ఎంత పొడుగంటే, అక్కడ కూర్చునే గడప దాకా వచ్చింది. వచ్చి బుల్లి మణికట్టు పట్టుకుంది. బుల్లి కాలు ఒకటి గడప ఇవతల, ఒకటి అవతల.

దగ్గరికి రా. ఇంకా దగ్గరికి. ఊఁ.

సూరాయమ్మ పిల్ల నడుం పట్టుకుని లాగింది. రాలేదు. మళ్ళీ లాగింది. రాలేదు. మూడోసారి లాగితే పిల్ల ఇంకో జానెడు లోపలికే పోయింది. అప్పుడు వీపు పెట్టి కూర్చున్నావిడ సూరాయమ్మ గొంతుతోనే అడిగింది.

"ఈ పిల్ల నీకేమవుతుంది?"

నా మనవరాలు అంది సూరాయమ్మ.

"నీ గుమ్మం వేరు. నీ పొయ్యి వేరు. ఆ ఇంటి ముద్ద నువ్వు ముట్టవు. ఆ ఇంటి పిల్ల మీద నీకు చెయ్యెక్కడిది?" అందావిడ. "పసుపు రాసి నువ్వే పిలిచావు. వచ్చాను. నేనూ పొయ్యి పెట్టుకున్నాను. ఇంట్లో ఒక పిల్ల లేకపోతే ఎలా?"

సూరాయమ్మ ఏం చెబుతుంది? ఆ మాటలన్నీ తనవే. కూతురితో తను అన్నవే. ఎవరి ఇల్లు వాళ్ళదని, ఎవరి పొయ్యి వాళ్ళదని.

చలి బుల్లి భుజాల దాకా ఎక్కింది. పిల్ల పెదాలు తెల్లబడ్డాయి. ఏడవడం కూడా లేదు. గడప ఇవతలున్న చేతిలో మాత్రం పప్పన్నం గిన్నె అలాగే పట్టుకుని ఉంది. చూడు, అంత భయంలో కూడా గిన్నె వదల్లేదు. గిన్నెలో ఒక్క ముద్ద మిగిలి ఉంది.

సూరాయమ్మ నడుం వదల్లేదు. వదిలితే పోతుంది. చేతులు ఖాళీ లేవు. అందుకని మెడ వంచింది. గిన్నెలోకి మొహం పెట్టి ఆ ముద్ద నోటితోనే అందుకుంది.

తరతరాల పంతం అమ్మలూ. నోట్లో పెట్టుకుంది, కానీ గొంతు దిగనంటోంది. నమిలింది. ఇంకా నమిలింది. కళ్ళు మూసుకుని మింగింది.

మింగి, ఆ వీపు వైపు చూసి చెప్పింది.

"మా వరహాలు పప్పులో ఉప్పెక్కువేస్తుంది. మా ఇంట్లో మేం అలాగే తింటాం."

మా ఇంట్లో అంది. మొదటిసారి అంది.

అప్పుడు ఆ పొడుగు చెయ్యి ఒక వేలు వదిలింది. ఆ తర్వాత ఇంకో వేలు వదిలింది. ఆ తర్వాత మొత్తం వదిలేసింది. పిల్లా అమ్మమ్మా కలిసి వెనక్కి వచ్చి బియ్యం డబ్బా మీద పడ్డారు. డబ్బా దొర్లి బియ్యమంతా గదిలో పరుచుకుంది. తలుపు దానంతటదే మూసుకుంది. విసురుగా కాదు. చుట్టం వెళ్ళాక మనం వేసుకుంటామే, అంత మెల్లిగా.

చప్పుడుకి వరహాలు పరిగెత్తుకొచ్చింది. తల్లి మూతికి పప్పన్నం అంటుకుని ఉండడం చూసి గుమ్మంలోనే ఆగిపోయింది. సూరాయమ్మ మూతి తుడుచుకోలేదు. జరిగిందంతా చెప్పేసింది, మొదటి శుక్రవారం నీళ్ళ దగ్గర్నుంచి.

ఆ సాయంత్రమే దొరబాబు వచ్చాడు. తలుపు ఊడదీశాడు. వెనకాల ఇటుకలే ఉన్నాయి, ఆయన పేర్చినవే, పొడిగా ఉన్నాయి. గడప లేపి చూస్తే సూరాయమ్మ పోసిన నవధాన్యాలు జానెడు పొడుగు మొలకలయ్యాయి. మొక్కలు వెలుతురు వైపు కదా తిరుగుతాయి. ఇవన్నీ గోడ వైపు తిరిగి ఉన్నాయి. దొరబాబు వాటిని చూసి, చెయ్యద్దని చెప్పాను కదమ్మా అని మాత్రం అన్నాడు.

ఇంక లెక్క మళ్ళీ పదకొండుకొచ్చింది. గోవిందు నోరు తెరిచేలోపే సూరాయమ్మ తన వంటింటి తలుపు చూపించింది. అది తీసెయ్యి దొరబాబూ అంది. అందులో ఇంక వండేది లేదు, కట్టెలు పెట్టుకోవడానికి తలుపెందుకు అంది. పది తలుపులు మిగిలాయి. అయిదు జతలు.

ఆ పూట అందరూ పెద్దింట్లో కింద కూర్చుని తిన్నారు. సూరాయమ్మ రెండుసార్లు వడ్డించుకుంది. ఊళ్ళో వాళ్ళు అనాల్సిందేదో అన్నారు, నాలుగు రోజులు అని ఊరుకున్నారు. బుల్లి మణికట్టు చుట్టూ చల్లటి గీత ఒకటి నెల రోజులుండి పోయింది.

ఆ నల్ల తలుపుని అడితివాడు వెనక్కి తీసుకున్నాడు. వారం తిరక్కుండా ఎవరో వచ్చి కొనుక్కెళ్ళారు. కర్ర గట్టిది, చవగ్గా వచ్చిందని సంబరపడ్డారట. ఏ ఊరివాళ్ళో అడితివాడు అడగలేదు.

సూరాయమ్మకి ఆ తర్వాత కూడా ఒక్కోసారి మధ్యాహ్నం పూట అన్నం తింటూ చెయ్యి ఆగిపోయేది. నేనే పిలిచాను, పసుపు రాసి మరీ పిలిచాను, వచ్చాక తలుపు పీకించి గోడ చేసేశాను అనేది. ఇల్లు కూలిపోయి ఎక్కడికి పోవాలో తెలీకపోతే ఎలా ఉంటుందో నాకు తెలుసు అనేది. భయపడుతూనే జాలి పడేది.

ఇంక కళ్ళు మూసుకో అమ్మలూ.

కథేమో కంచికి,
కునుకేమో కంటికి,
మనమేమో మనింటికి.
మరి పిలిస్తే వచ్చిందే పాపం, అది పోయింది ఎవరింటికి?